తల ఊపితే చాలన్నాడు బాబాయ్

"క్లయింటు సంగతులు ఎంతవరకు దాచాలి, ఎప్పుడు బయటపెట్టొచ్చు?" అని కొత్తగా ప్రాక్టీసు పెట్టినాయన అడిగారు. నేను సీఏని, బెంగళూరు మల్లేశ్వరంలో ఆఫీసు. చట్టం చెప్పేది నాలుగు ముక్కల్లో అయిపోతుంది. 1949 సీఏ చట్టం రెండో షెడ్యూలు ప్రకారం క్లయింటు ఒప్పుకుంటేనో, ఏదైనా చట్టం అడిగితేనో తప్ప నోరు విప్పకూడదు. కంపెనీ ఆడిట్‌లో అధికారులో ఉద్యోగులో చేసిన మోసం కోటి రూపాయలో అంతకు మించో తేలితే, 2013 కంపెనీల చట్టం 143(12) కింద 2 రోజుల్లో బోర్డుకు రాయాలి, 45 రోజుల్లో జవాబు అడగాలి, ఆ తర్వాత కేంద్ర ప్రభుత్వానికి ఏడీటీ-4 అనే ఫారం పంపి తీరాలి. అక్కడ దాచడమే తప్పు. ఇందులో నాకెప్పుడూ తికమక లేదు.

నన్ను తిప్పలు పెట్టింది చుట్టాలు.

కొన్నేళ్ల కిందట హిందూపురం నుంచి పొద్దున రైలుకు మా బాబాయ్ దిగాడు, చేతిలో పచ్చి శనక్కాయల సంచి. చెల్లెలికి సంబంధం చూస్తున్నారు. అబ్బాయివాళ్ల కంపెనీ లెక్కలు నేనే చూస్తానని ఎవరో చెప్పారట. (గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నా.) "అప్పులేమైనా ఉండాయా? నువ్వు నోటితో చెప్పే పన్లేదు, ఉంటే తల ఊపు చాలు" అన్నాడు. ఆయన వెనక బీరువాలో ఆ ఫైలే ఉంది, అట్ట మీద కంపెనీ పేరుతో సహా. చూపు అటు పోకుండా శనక్కాయలు ఒలుస్తూ కూర్చున్నా. నన్ను భుజాన మోసిన మనిషాయన.

"ఎవరి లెక్కలూ ఎవరికీ చెప్పను బాబాయ్."

"పోయినేడు ఇంకో సంబంధానికి మీ అత్త అడిగితే బంగారమట్లాంటి పార్టీ అని చెప్పినావే? ఇప్పుడు చెప్పనంటే ఉండాయన్నమాట."

నా నోట మాట రాలేదు. అత్తకు చెప్పింది మంచిమాటే కదా, ఎవరికి నష్టమనుకున్నా. ఒకరి గురించి మంచి చెప్పి ఇంకొకరి గురించి ఊరుకుంటే, ఆ ఊరుకోవడమే చెప్పేయడం. అప్పటినుంచి లెక్కలు అద్దంలా ఉన్నా, అతుకుల బొంతలా ఉన్నా నాది ఒకటే జవాబు. దీన్ని మించిన పద్ధతి లేదని గట్టిగా చెప్తున్నా. మూడేళ్ల ఐటీ రిటర్నులు వాళ్లనే అడగమంటా. కంపెనీ ఆస్తులు బ్యాంకు అప్పుకు తాకట్టులో ఉంటే (దాన్నే చార్జీ అంటారు) కంపెనీ వ్యవహారాల శాఖ ఎంసీఏ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చంటా. ఏ సంబంధానికైనా ఇవే మాటలు.

ఇంకో బాధ కూడా ఉంది. మన సీఏలు దర్శినిలో నిలబడి ఇడ్లీ తింటూ పార్టీ పేరుతో సహా టర్నోవరు మాట్లాడుకుంటారు. ఆర్టికల్ పిల్లలు, అంటే మా దగ్గర పని నేర్చుకునే సీఏ విద్యార్థులు, బ్యాలెన్స్ షీటు ఫోటో తీసి, పేరైనా చెరపకుండా వాట్సాప్ గ్రూపులో పెట్టి డౌటు అడుగుతారు. చూస్తే ఒళ్లు మండుతుంది. వాళ్లకు ముందు ఇది నేర్పండి, జీఎస్టీ తర్వాత నేర్పొచ్చు.

బాబాయ్ ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఆ పెళ్లి జరిగిందో లేదో మాత్రం ఇక్కడ రాయను. రాస్తే ఆ లెక్కలు చెప్పినట్టే.