మధురపూడిలో కారు వదిలి వెళ్లొచ్చా?

“అన్నా, పండక్కి అమలాపురం వస్తున్నా. మధ్యలో వీసా స్టాంపింగ్‌కి హైదరాబాద్ వెళ్లి రావాలి. నాన్నగారి కారు రాజమండ్రి ఎయిర్‌పోర్టులో పెట్టేసి ఫ్లైటెక్కేస్తే సరిపోద్ది కదా?”

డాలస్ వెళ్లి రెండేళ్లయిన మా వైపు కుర్రాడి ప్రశ్న ఇది. డిసెంబరు వచ్చిందంటే ఎవరో ఒకరు ఇదే అడుగుతారు. వాళ్ల బుర్రలో ఉన్నది అక్కడి లెక్క. కారు తీయడం, లాంగ్‌టర్మ్ లాట్‌లో పడేయడం, వారం పోయాక వచ్చి కార్డు గీకడం. అక్కడ దింపేవాళ్లు ఉండరు కాబట్టి అలా అలవాటైపోతుంది.

ఆ అలవాటు నేర్చుకోవడానికి నాకూ చేతి చమురు వదిలింది. వెళ్లిన కొత్తలో మిడ్‌వెస్ట్‌లో మా ఊరి బుల్లి ఎయిర్‌పోర్టుకి వెళ్లి, టెర్మినల్ ఎదురుగా ఖాళీ కనిపించింది కదా అని కారు పెట్టి తొమ్మిది రోజులు పోయాను. అది గంటల లెక్కన డబ్బులు తీసుకునే చోటు. రోజుల తరబడి ఉంచేవాళ్ల స్థలం రోడ్డుకి అవతల, రెండు నిమిషాల నడక. తిరిగొచ్చేసరికి కారు మీద మూరెడు మంచు, మెషీన్ మీద విమానం టికెట్టులో సగం బిల్లు. బోర్డు ఉంది. నేనే చదవలేదు.

సరే, రాజమండ్రి ఎయిర్‌పోర్టు ఉన్న మన మధురపూడి సంగతి. కారు పెట్టుకోవచ్చు. షటిల్ బస్సు ఎక్కే గొడవ ఉండదు, దిగి నడిచి వెళ్లిపోవడమే. లోపలికి వెళ్లేటప్పుడే “రాత్రికి ఉంచుతానండి, ఎంతవుద్దండి?” అని చీటీ ఇచ్చే అబ్బాయిని అడగండి, బోర్డు కూడా చూడండి. చీటీని ఫోటో తీసి ఇంట్లోవాళ్లకి వాట్సాప్ చేయండి. ఎందుకో తర్వాత చెబుతాను. కొత్త టెర్మినల్ పనులు మొదలైన చోటు కాబట్టి పోయినసారి మీరు చూసిన దారీ, పెట్టిన చోటూ అలాగే ఉంటాయని అనుకోకండి. పైగా 2024 డిసెంబరు నుంచి ముంబైకీ, ఢిల్లీకీ కూడా నేరుగా విమానాలు వచ్చాయి. 78 సీట్ల చిన్న విమానం ఏటీఆర్ ఒక్కటే దిగిన వేళకీ, దాని వెనకే పెద్ద ఎయిర్‌బస్ దిగిన వేళకీ బయట క్యాబుల రద్దీలో చాలా తేడా ఉంటుంది.

నా పద్ధతి మాత్రం ఒకటే. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేదైతే పెట్టండి. మహా అయితే ఒక రాత్రి. అంతకు మించితే మొహమాటపడకుండా ఎవరినైనా దింపమనండి.

సంక్రాంతి రోజుల్లో అసలు చిక్కు పార్కింగ్ కాదు, పొగమంచు. ఆ సీజన్లో మన వైపు దిగిందంటే పొద్దెక్కే దాకా వదలదు. మధురపూడి రన్‌వే 3,165 మీటర్లకి పెరిగింది నిజమే, పొగమంచుకి ఆ పొడవుతో పనేముంది? కనపడకపోతే విమానం పైన చక్కర్లు కొట్టి వెనక్కి పోతుంది. మిమ్మల్ని విశాఖలో దింపారనుకోండి, మీరు అక్కడ, కారు ఇక్కడ, దాని తాళం మీ జేబులో. ఇంట్లో పండగ పూట బండి లేక నాన్నగారు ఆటో కోసం చూస్తుంటారు. అందుకే రెండో తాళం ఇంట్లోనే ఉంచండి. చీటీ ఫోటో పంపమన్నదీ ఇందుకే, బాబాయో బావగారో వెళ్లి కారు తెచ్చుకోగలరు.

నేనొకసారి మే నెలలో నాలుగు రోజులు వదిలేసి వెళ్లాను. నాన్నకని అమెరికా నుంచి డాష్‌క్యామ్, అదే రోడ్డుని రికార్డు చేసే కెమెరా, తెచ్చి కారులో బిగించాను. అది బండి ఆపినా ఆగని సాకెట్‌కి తగిలించానన్న సంగతి నాకు తట్టలేదు. వచ్చి తాళం తిప్పితే టిక్కుమంది, అంతే. బ్యాటరీ ఖాళీ. స్టీరింగ్ ముట్టుకుంటే చెయ్యి కాలింది. బయటున్న క్యాబ్ డ్రైవర్లు నలుగురు తోయడానికి వచ్చారు. “సెకండ్ గేరేసి క్లచ్చి తొక్కి ఉంచండి. నేను చెప్పాక వదలండి, ఆయ్” అన్నాడు అందులో పెద్దాయన. పదేళ్లుగా ఆటోమేటిక్ నడిపిన ఎడమకాలు కదా, చెప్పకముందే వదిలేసింది. రెండుసార్లు. మూడోసారికి ఆయన ముఖంలో గౌరవం తగ్గింది గానీ బండి స్టార్టయింది. ఇంటికొచ్చి డిక్కీ తెరిస్తే, హైదరాబాద్‌లో చెల్లెలికి ఇద్దామని కొని మరిచిపోయిన ఆత్రేయపురం బెల్లం పూతరేకుల డబ్బా. దాని చుట్టూ బంపరు దాకా చీమల బారు.

మీ ఇంట్లోది ఆటోమేటిక్ అయితే అలా తోసి స్టార్ట్ చేయడం కూడా కుదరదు, గుర్తుంచుకోండి. ఇంకో బండి బ్యాటరీతో కలిపి స్టార్ట్ చేసే జంపర్ కేబుల్ ఉన్నవాడి కోసం వెతుక్కోవాలి.

కారు బయటికి తీసే ముందు మీ మన దేశపు లైసెన్సు గడువు చూసుకోండి. గడువు దాటి ఏడాది లోపైతే మామూలు రెన్యువల్, ఏడాది దాటితే మళ్లీ డ్రైవింగ్ టెస్టు. అమెరికా లైసెన్సుతో నడపాలంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ అక్కడి నుంచే తెచ్చుకోవాలి, ఇక్కడ ఇవ్వరు. బండి కాగితాలు డిజీలాకర్‌లో చూపిస్తే చెల్లుతుంది, కానీ దాని ఓటీపీ నాన్నగారి ఫోన్‌కి వెళ్తుంది. నాన్నగారు ఆ టైమ్‌కి భోజనం చేసి పడుకుని ఉంటారు. ఫాస్టాగ్‌లో డబ్బులున్నాయో లేదో కూడా ముందు రోజే చూసుకోండి.

అమలాపురం నుంచి రావులపాలెం, జొన్నాడ మీదుగా మధురపూడికి 80 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మామూలుగా రెండు గంటలు, పండగకి మూడు వేసుకోండి. కనుమ నాడు అంబాజీపేట దగ్గర జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జాతర, ఆ రోజు అటు వైపు కారు తిప్పడమే అనవసరం. ఇంకోటి, విజయవాడ విమానం బుక్ చేసుకున్నవాళ్లు, ఎయిర్‌పోర్టు ఉన్నది గన్నవరంలోనే అయినా, మ్యాపులో గన్నవరం అని కొట్టి వదిలేయకండి. మనకి కోనసీమలో పి.గన్నవరం కూడా ఉంది. మా మరదలు ఎయిర్‌పోర్టు కోసం బయల్దేరి ఆక్విడక్టు దాకా వెళ్లొచ్చింది.

పిల్లల వేసవి సెలవులకి జూలై, ఆగస్టుల్లో వచ్చేవాళ్లకి పొగమంచు బెడద ఉండదు, వాళ్లకి వరద. అక్కడి సెలవులు సరిగ్గా మన గోదావరి పొంగే రోజుల్లోనే పడతాయి. ఎయిర్‌పోర్టులో కారు పెట్టి నాలుగు రోజులు వెళ్లాలనుకుంటే టీవీలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూడండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. అత్తగారిది ఏటి మధ్యలో ఉండే లంక గ్రామమైతే మొదటి హెచ్చరిక వినగానే కారు ఇవతలకి తెచ్చేసుకోండి. కాజ్‌వే మునిగాక పడవలో మనుషులు వస్తారు గానీ కార్లు రావు. అక్కడివాళ్లు ముందే బళ్లన్నీ తెచ్చి ఏటిగట్టు మీద వరసగా పెట్టుకుంటారు. వాళ్లు పెట్టిన చోటే మీరూ పెట్టండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు, నీడ బాగుందని పెట్టిన మా బావ కారు పైకప్పు మీద ఇప్పటికీ కాయంత సొట్ట ఉంది.

ఇదంతా చెప్పాక మా కుర్రాడు, “అయితే బాబాయిని దింపమంటాలే అన్నా” అన్నాడు. దింపమను, వెళ్లే ముందు బాబాయికి ట్యాంకు నింపించు. తిరుగు ఫ్లైటు టైమ్ వాట్సాప్‌లో పెట్టి ఊరుకోకు, ఫోన్ చేసి చెప్పు. ఆయన వాట్సాప్ రాత్రికి గానీ చూడరు.