బుజ్జీ, ఆ ఫోర్క్‌కి డబ్బులు కట్టేముందు ఇది చదువు

బుజ్జీ,

మీ అమ్మ ఫోన్ చేసింది. "మీ ముద్దుల కూతురు వాళ్ళ నాన్న పాత సైకిల్‌ని హాల్లో ముక్కలుగా విప్పి పెట్టింది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ తీసేసి ఏదో స్ప్రింగులది వేస్తుందట, వేసుకుని అనంతగిరి కొండలకి వెళ్తుందట, నువ్వైనా చెప్పు బాబూ" అని ఒకటే గొడవ. చెప్తానులే వదినా అన్నాను. మానెయ్యమని చెప్తానని ఆవిడ అనుకుంది. నేనెందుకు మానెయ్యమంటాను? ఆ ఫ్రేము అన్నయ్య అమెరికా నుంచి ఎంత ముచ్చటపడి తెచ్చుకున్నాడో నాకు తెలుసు, అటక మీద దుమ్ము కొట్టుకుపోతుంటే ఇన్నాళ్ళూ ఇంట్లో ఒక్కరూ పట్టించుకోలేదు. నువ్వు పానా పట్టుకున్నావని వినగానే బాలానగర్‌లో లేత్ మీద పనిచేసిన ఈ టర్నర్ ఛాతీ కొంచెం ఉబ్బింది. ఆ తర్వాత రాత్రంతా నిద్ర పట్టలేదు, అది వేరే విషయం.

ముందు హెడ్ ట్యూబ్, అంటే ఫ్రేములో హ్యాండిల్ కింద ఉండే నిలువు గొట్టం. దాని పైనా కిందా ఉన్న బేరింగ్ కప్పులు రెండూ తీసేశాక లోపలి వ్యాసం కొలువు, స్కేలుతో కాదు, వెర్నియర్‌తో. 34 మి.మీ. దగ్గర వస్తే 28.6 మి.మీ. నిటారు స్టీరర్ (ఫోర్క్ నుంచి హెడ్ ట్యూబ్ లోపలికి వెళ్ళే గొట్టం) పడుతుంది, అదే 1-1/8 అంగుళం అని అమ్ముతారు. 30 దగ్గర వస్తే అది అంగుళం స్టీరర్ కాలం నాటి ఫ్రేము, ఇక కుదుపులు మింగే కొత్త సస్పెన్షన్ ఫోర్క్ మాట మర్చిపో. 44 వస్తే కింద బయటి కప్పు పెట్టి టేపర్ స్టీరర్ కూడా ఎక్కించొచ్చు గానీ 90ల నాటి స్టీలు ఫ్రేములో 44 రాదు, ఆశ పెట్టుకోకు. ఇప్పుడు వచ్చే మంచి ఫోర్కుల్లో చాలావాటికి టేపర్ స్టీరరే, పైన 28.6 ఉండి కిందికి వచ్చేసరికి అంగుళంన్నరకి పెరుగుతుంది. ఎవరైనా "ఇచ్చెయ్ పాపా, లేత్ మీద పెట్టి కిందంతా సన్నగా తీసిస్తా" అంటే నమస్కారం పెట్టి వచ్చెయ్. అది లోపల బోలు గొట్టం. చుట్టూ ఐదేసి మి.మీ. తీశాక మిగిలేది గోడ కాదు, రేకు.

యాక్సిల్, అంటే చక్రం ఇరుసు కూడా చూసుకో. మీ నాన్న పాత చక్రం 9 మి.మీ. క్విక్ రిలీజ్‌ది, కొత్తవాటిలో ఎక్కువ భాగం 15 మి.మీ. త్రూ యాక్సిల్ (ఫోర్క్‌లోంచి దూర్చి బిగించే లావు ఇరుసు), చక్రం మధ్యనుండే హబ్ వెడల్పు కూడా 100 కాకుండా 110 ఉంటోంది. ఆ ఫోర్క్ కొంటే ముందు చక్రం కూడా కొనాలి.

బ్రేకులు. ఇప్పటి ఫోర్కులకి చాలావరకు రిమ్‌ని నొక్కి ఆపే వి-బ్రేక్ బిగించే బొడిపెలు ఉండవు, డిస్క్ బ్రేక్ బిగించే చోటు ఒక్కటే. ముందు డిస్క్, వెనక వి-బ్రేక్ పెట్టుకోవచ్చు, తప్పేం లేదు, చూడటానికి కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది అంతే. సన్‌టూర్ కంపెనీలో 26 అంగుళాల చక్రానికి, నిటారు స్టీరర్‌తో, క్విక్ రిలీజ్‌తో, వి-బ్రేక్ బొడిపెలతో ఉన్న మామూలు ఫోర్కులు ఉన్నాయి, బరువెక్కువ, ఫ్యాషన్ తక్కువ. నాకైతే నీ ఫ్రేముకి అవే సరైన జోడీ అనిపిస్తుంది. నీకు నచ్చదని తెలుసు. బ్రేకుల మాటొస్తే మీ నాన్న గుర్తొస్తాడు. చిన్నప్పుడు మూసాపేటలో గంటకింత అని సైకిళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు, కాళ్ళందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కేవాళ్ళం. ఆ సైకిళ్ళకి బ్రేకులుంటే వింత. అన్నయ్య చెప్పు నేలకేసి రాస్తూ ఆపేవాడు, చెప్పులు అరిగిపోయాయని అమ్మ నన్నూ కలిపి కొట్టేది. నీకు ఆ అలవాటు రాకపోతే చాలు.

పొడవు సంగతి నువ్వు చూసి ఉండవు, ఎవరూ చూడరు. ఇరుసు మధ్య నుంచి కింది కప్పు కూర్చునే చోటు దాకా ఎంతుందో పాత ఫోర్క్‌ని కొలువు. అలాంటి స్ప్రింగులు లేని ఫోర్క్ 400, మహా అయితే 430 మి.మీ. ఉంటుంది. 26 చక్రానికి 100 మి.మీ. ట్రావెల్ (కుంగే దూరం) ఉన్న ఫోర్క్ 470 దాకా ఉంటుంది. నువ్వు కూర్చుంటే పాతిక మి.మీ. వరకు కుంగుతుంది, అయినా ముందు భాగం పైకి లేచినట్టే. లెక్క ఏంటంటే ఫోర్క్ 20 మి.మీ. పెరిగితే హెడ్ ట్యూబ్ దాదాపు ఒక డిగ్రీ వెనక్కి వాలుతుంది. హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది, పెడళ్ళు ఎత్తుకి పోతాయి, ఎక్కుడులో ముందు చక్రం గాల్లో తేలుతుంది. అది అలవాటు చేసుకోవచ్చు. కానీ ఫోర్క్ పొడవైన కొద్దీ గుంత తగిలిన ప్రతిసారీ హెడ్ ట్యూబ్‌ని విరిచే బలం పెరుగుతుంది, పొట్టి ఫోర్క్ కోసం గీసిన పాత స్టీలు ఫ్రేము దాన్ని మోయడానికి పుట్టలేదు. అందుకే 80 మి.మీ. ట్రావెల్ తీసుకో, 100 దాటొద్దు. 120 వేసినా తిరుగుతోంది అని ఎవరో వీడియోలో చెప్పారని నాకు పంపకు. కొన్ని నెలలు తొక్కాక డౌన్ ట్యూబ్ (హెడ్ ట్యూబ్ నుంచి పెడళ్ళ దాకా దిగే గొట్టం) కింద, హెడ్ ట్యూబ్‌కి నాలుగు వేళ్ళ దూరంలో రంగు సన్నగా పగిలిందేమో చెయ్యి పెట్టి చూసుకో. ముడత కనిపిస్తే ఆ ఫ్రేము పని అయిపోయినట్టే, ఇంక ఎక్కొద్దు.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఫోన్లో చూపించిన ఫోర్క్ సెకండ్ హ్యాండ్‌ది అని మీ అమ్మ చెప్పింది. అక్కడే నాకు గుండె జారింది.

నేను పనిచేసిన షాపులో ఒక వెల్డర్ ఉండేవాడు. పేరు వద్దులే. ఆర్గాన్ వెల్డింగ్‌లో అతని చెయ్యి పడిందంటే పక్క షెడ్ల నుంచి కూడా వచ్చి చూసి వెళ్ళేవాళ్ళు. కొడుకు కోసం ఎక్కడో పాత సస్పెన్షన్ ఫోర్క్ ఒకటి కొన్నాడు. ఇంటికి తెచ్చాక చూస్తే స్టీరర్ పొట్టి. మొదట వాడిన మనిషి తన చిన్న ఫ్రేముకి తగ్గట్టు కోసేశాడు. నాలుగు సెంటీమీటర్లు తక్కువ. వేరేవాళ్ళయితే తల పట్టుకుని కూర్చునేవాళ్ళు, ఇతను నవ్వాడు. లోపలికి టైట్‌గా కూర్చునే స్లీవ్ ఒకటి తిప్పించాడు, పైన గొట్టం ముక్క పెట్టాడు, వెల్డ్ చేశాడు, గ్రైండ్ చేసి పాలిష్ పట్టాడు. గోరు పెట్టి రాసినా అతుకు ఎక్కడుందో తెలియదు. షిఫ్ట్ మొత్తం దాని చుట్టూ నిలబడి చూసింది. ఆ రోజు టీ అతనే పోయించాడు.

నెలల తరబడి బాగానే నడిచింది. ఆ పిల్లాడు రోజూ కాలేజీకి దానిమీదే వెళ్ళేవాడు. ఒక ఆదివారం నర్సాపూర్ అడవి వైపు స్నేహితులతో వెళ్ళాడు, దిగుడులో చిన్న గుంత, అంతే. హ్యాండిల్, దాన్ని స్టీరర్‌కి పట్టి ఉంచే స్టెమ్‌తో సహా చేతుల్లోకి వచ్చేసింది. చక్రం ఒక దారి, పిల్లాడు ఒక దారి. దవడ విరిగింది, ముందు పళ్ళు పోయాయి. బతికాడు, ఇప్పుడు పెళ్ళాం పిల్లలతో హాయిగా ఉన్నాడు, కంగారు పడకు.

విరిగిన ముక్కని అతను షాపుకి తెచ్చాడు. చూస్తే వెల్డ్ చెక్కు చెదరలేదు. దాన్ని ఆనుకుని పక్కన తెగింది. తెగిన అంచులో ఒక వైపు నల్లగా, మురికి పట్టి ఉంది, అంటే అక్కడ పగులు ఎప్పుడో మొదలై రోజూ కొంచెం కొంచెం లోపలికి పాకింది. మిగిలిన వైపు తళతళ మెరుస్తోంది, అది ఆ ఆదివారం తెగింది. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం గుణమే మారిపోతుంది, అల్యూమినియం అయితే సగానికి సగం మెత్తబడుతుంది. పైగా అతను అతుకు పెట్టిన చోటు సరిగ్గా పై బేరింగ్ దగ్గర, నువ్వు హ్యాండిల్ మీద వాలిన ప్రతిసారీ గొట్టం వంగేది అక్కడే. అంతటి చెయ్యి ఉన్న మనిషి, తర్వాత ఎన్నేళ్ళయినా సైకిల్ పని అంటే ముట్టుకోలేదు.

కాబట్టి ఆ అమ్మేవాడిని అడుగు, స్టీరర్ పక్కన టేపు పెట్టి ఫోటో పంపమను. పంపకపోతే వదిలెయ్. నీకెంత కావాలో లెక్క వేసుకో: హెడ్ ట్యూబ్ పొడవు, హెడ్‌సెట్ (బేరింగులూ కప్పులూ) పైనా కిందా కలిపి ఓ 30, స్టెమ్ ఎత్తు 40, మధ్యలో వేసే రింగులు అంటే స్పేసర్లు, అన్నీ మి.మీ.లోనే. 120 హెడ్ ట్యూబ్‌కి 10 స్పేసర్ వేసుకున్నా 200 చేరింది. 180 ఉంది, సర్దుకోవచ్చు అని అతను అంటే సర్దుకోవద్దు. ఆ గొట్టాన్ని ఫ్యాక్టరీలోనే క్రౌన్‌లోకి, అంటే ఫోర్క్ కాళ్ళు రెండూ కలిసే చోటులోకి ప్రెస్ చేస్తారు, విడిగా మార్చడం కుదరదు. గీతలున్నా, రంగు పోయినా పర్వాలేదు, సీళ్ళు మార్చుకోవచ్చు, స్టీరర్ మాత్రం ఏ లోపం లేకుండా ఉండాలి. డబ్బు చాలకపోతే నాకు చెప్పు, మీ అమ్మకి చెప్పకు.

బిగించాక ఒక పరీక్ష. గాలి ఫోర్క్ అయితే గాలంతా తీసేసి, స్ప్రింగ్‌ది అయితే స్ప్రింగ్ తీసి, పూర్తిగా కిందికి నొక్కు. టైరు క్రౌన్‌కి తగలకూడదు. తగిలితే రోడ్డు మీద పెద్ద గుంతలో చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది, నువ్వు హ్యాండిల్ మీంచి ముందుకి ఎగురుతావు. హ్యాండిల్ రెండు వైపులా తిప్పి, ఫోర్క్ పైనున్న నాబ్‌లు డౌన్ ట్యూబ్‌కి కొడుతున్నాయేమో కూడా చూడు. పైన టోపీ బోల్టు బేరింగుల లూజు తీయడానికే, హ్యాండిల్‌ని పట్టుకునేది స్టెమ్ పక్క బోల్టులు. వాటిమీద రాసి ఉన్నంతే బిగించు, మామూలుగా 5, 6 న్యూటన్ మీటర్లు (బిగింపు కొలత), మీ నాన్నలా ఊపిరి బిగబట్టి కాదు.

అనంతగిరికి మొదటి రోజే వెళ్ళకు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన సైకిల్ ట్రాక్ ఉంది కదా, ముందు అక్కడ తొక్కి, చప్పుళ్ళు విని, బోల్టులు మళ్ళీ చూసుకో. తర్వాత గండిపేట వైపు మట్టి దారుల్లో. తర్వాత అనంతగిరి, అదీ మీ నాన్న కారులో వెనకాల వస్తేనే. మోకాళ్ళు నొప్పులంటాడు గానీ పిలిస్తే ఎగిరొస్తాడు, ఆ సైకిల్ గురించి నాకు తెలియకుండా నీకు అన్నీ నేర్పుతున్నది వాడేనని నా అనుమానం.

శనివారం వెర్నియర్ పట్టుకుని వస్తున్నాను. ఈలోగా హెడ్ ట్యూబ్ పొడవు, లోపలి వ్యాసం, పాత ఫోర్క్ పొడవు, మూడూ మెసేజ్ పెట్టు. ఒకవేళ ఫోర్క్ ముందే వచ్చేస్తే హాక్సా జోలికి వెళ్ళొద్దు, స్టీరర్‌ని నేను వచ్చాకే కోద్దాం.

మీ బాబాయ్