కొలెస్ట్రాల్ ఇంజెక్షన్ కోసం నాన్నగారి డిపాజిట్ తీసేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. చేతికి రూ.92,000 జీతం వస్తుంది, అందులో ఇంటి లోన్ ఈఎంఐ రూ.31,000. నాన్నగారికి 66 ఏళ్లు, పింఛను లేదు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీములో ఆయన పేర రూ.15 లక్షలు ఉన్నాయి, వేసి మూడో ఏడు నడుస్తోంది. ఆ వడ్డీతోనే అమ్మానాన్నల ఇల్లు గడుస్తోంది. ఈమధ్య గుండెపోటు వస్తే స్టెంట్ వేశారు. డిశ్చార్జి అయి 38 రోజులైంది. ఆ బిల్లు మా ఆఫీసు గ్రూపు పాలసీలో చెల్లింది. రోజువాస్టాటిన్ 20 అనే కొలెస్ట్రాల్ మాత్ర (స్టాటిన్) వాడుతున్నా ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 104 ఉందని, ఇంక్లిసిరాన్ ఇంజెక్షన్ మొదలుపెడదామని డాక్టరుగారు అన్నారు. డోసు రూ.1,20,000 అట. స్కీము డబ్బు తీసేయాలా, గోల్డ్ లోన్ పెట్టాలా? డాలస్‌లో ఉన్న తమ్ముడు మందు అక్కణ్నుంచే పంపిస్తానంటున్నాడు.

జవాబు: మీరు డోసు ధర రాశారు గానీ ఎన్ని డోసులో రాయలేదు. ఈ ఇంజెక్షన్ మొదటి రోజు ఒకటి, మూడు నెలలకు ఒకటి, ఆ తర్వాత ప్రతి ఆరు నెలలకు ఒకటి. అంటే మొదటి ఏడాది మూడు, రెండో ఏడాది రెండు. రెండేళ్లకు రూ.6 లక్షలు, ఆపైన ఏటా రూ.2.4 లక్షలు. ముగింపు తేదీ లేదు. ఆపేస్తే ఎల్‌డీఎల్ మెల్లగా పాత అంకెకు వెళ్లిపోతుంది. కాబట్టి దీన్ని ఆపరేషన్ ఖర్చులా ఒకసారి కట్టి వదిలించుకునే బిల్లుగా చూడకండి. నెలకు రూ.20,000 అద్దెకు ఇల్లు తీసుకుంటున్నామనుకుని లెక్క వేసుకోండి. మొదటి డోసుకు డబ్బు ఎలాగో సర్దుకుంటారు. ఐదో డోసు ఎక్కణ్నుంచి వస్తుందో ఇప్పుడే కాగితం మీద కనిపించాలి.

ఆ లెక్కకు ముందు ఒక చిన్న పని. మందుల షాపు బిల్లులు బయటికి తీసి స్ట్రిప్పులు లెక్కపెట్టండి. 38 రోజులకు పది మాత్రల స్ట్రిప్పులు నాలుగు కొని ఉండాలి. రెండే కనిపిస్తే ఆ 104 మందు పని చేయక వచ్చింది కాదు, మింగక వచ్చింది. "కాళ్లు లాగుతున్నాయి" అని పెద్దవాళ్లు రోజు విడిచి రోజు వేసుకోవడం, ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోవడం మామూలే. చెబితే డోసు తగ్గించడమో, స్టాటిన్ మార్చడమో ఆయన చూస్తారు. ఇంజెక్షన్ మొదలైనా స్టాటిన్ మానకూడదని ఎక్కువమందికి చెబుతారు. సూది ఉంది కదా అని మాత్ర మానేస్తే, లక్షలు పోసి తెచ్చుకున్న తగ్గుదలలో పెద్ద వాటా తిరిగి పోతుంది.

స్ట్రిప్పులు సరిగ్గానే ఉంటే డాక్టరుగారిని అడగాల్సిన ప్రశ్న: "ఎజెటిమైబ్ కలిపి చూశామా?" ఇది స్టాటిన్‌తో పాటు వేసే మరో కొలెస్ట్రాల్ మాత్ర, మీ ఉత్తరంలో దాని పేరు లేదు. అది ఎల్‌డీఎల్‌ను సుమారు 20 శాతం తగ్గిస్తుంది కాబట్టి 104 కాస్తా 83 దగ్గరికి రావాలి. దానిపైన ఇంకో మాత్ర, బెంపెడోయిక్ యాసిడ్ 180 మిల్లీగ్రాములు, చేరిస్తే 68 చుట్టుపక్కలకు రావచ్చు. యూరిక్ యాసిడ్, కీళ్లవాతం ఉంటే అది పడకపోవచ్చు, ముందే చెప్పండి. రోజువాస్టాటిన్ 20 నుంచి 40కి పెంచితే కలిసొచ్చేది ఆరు శాతమే. ఈ మాత్రలన్నీ కలిపినా నెల ఖర్చు వందల్లోనే. ఇంక్లిసిరాన్ ఒక్కటే దాదాపు సగానికి, అంటే 52కి తెస్తుంది. గుండెపోటు వచ్చినవాళ్లకు ఎల్‌డీఎల్ 55 లోపు ఉండాలని కార్డియాలజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. డాక్టరుగారు తొందరపడ్డారని నేను అనను. మాత్రలన్నీ వాడినా ఆయన ఇంజెక్షనే అనవచ్చు. కానీ అప్పుడు 104 నుంచి 52కి కాకుండా, 68 నుంచి 55 లోపుకు ఏటా రూ.2.4 లక్షలు పెడుతున్నామని తెలిసి పెడతారు. ఆరు వారాలు మాత్రలతో చూసి మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ చేయిద్దామా అని అడగండి. వైద్యపరంగా ఆగకూడదని ఆయన అంటే ఆ మాటే ఆఖరు.

ఇక ఇన్సూరెన్సు. సాధారణ పాలసీ కట్టేది ఆసుపత్రిలో చేరితేనే. పొట్ట మీద చర్మం కింద నర్సు అయిదు నిమిషాల్లో ఇచ్చే సూది ఓపీ కిందకే వస్తుంది, డేకేర్ (చేరిన రోజే ఇంటికి పంపే చికిత్సల) జాబితాలో ఉండదు. అయితే మీకు ఒక దారి ఇంకా మూసుకుపోలేదు. డిశ్చార్జి తర్వాత కొన్ని రోజుల వరకు అదే జబ్బుకు అయ్యే మందుల ఖర్చును పాలసీలు ఇస్తాయి. గ్రూపు పాలసీల్లో ఇది తరచూ 60 రోజులు, విడి పాలసీల్లో 90, 180 కూడా ఉంటుంది. మీది 60 అయితే ఇంకా 22 రోజులున్నాయి. ఈలోపు బిల్లయిన మొదటి డోసుకు క్లెయిము పెట్టవచ్చు. కొనకముందే టీపీఏకి (ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకు) మెయిల్ రాసి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. నాన్నగారి పేర బ్యాచి నెంబరుతో బిల్లు, లిపిడ్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ జతచేయండి. "ఈ అడ్మిషన్‌కు కారణమైన గుండె జబ్బుకు కొనసాగింపు చికిత్స" అని డాక్టరుగారి చీటీలో స్పష్టంగా ఉండాలి. వట్టి "కొలెస్ట్రాల్‌కు" అని ఉంటే తిరస్కరించడం వాళ్లకు సులువు. గడువు ముగిశాక కాగితాలు పంపడానికి ఎన్ని రోజులిస్తారో కూడా ఆ మెయిల్లోనే అడగండి. కాదంటే కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. 30 రోజుల్లో తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు, ఫీజు లేదు.

అలాగని క్లెయిము వస్తుంది కదా అని మొదలుపెట్టేయకండి. మొదటి డోసు ఊరికే వచ్చి, మూడో డోసు దగ్గర చేతులెత్తేస్తే మధ్యలో పెట్టినదంతా వృథా.

ఒక్క రాత్రి అడ్మిట్ చేసి క్లెయిము పెడదామని ఆసుపత్రి డెస్కులో ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. చేరాల్సిన అవసరం లేని అడ్మిషన్ అని కొట్టేస్తారు. దాని మచ్చ రేపు నిజంగా చేరినప్పటి క్లెయిము మీద పడుతుంది. సూపర్ టాప్-అప్ (ఉన్న పాలసీ పరిమితి దాటాక కట్టే అదనపు పాలసీ) కూడా ఈ ఖర్చుకు పనికిరాదు, అదీ ఆసుపత్రిలో చేరితేనే. ఓపీ ఖర్చుల కోసం పాలసీకి కలుపుకునే రైడర్ల పరిమితి సాధారణంగా వేలల్లో ఉంటుంది, లక్ష ఇచ్చేవి కావు. కానీ మీరు ఉద్యోగం మారితే గ్రూపు పాలసీ పోతుంది. కాబట్టి నాన్నగారికి విడిగా ఒక పాలసీ ప్రయత్నించండి. స్టెంట్ సంగతి దాచవద్దు. పాత జబ్బుకు క్లెయిము ఇవ్వడానికి నిరీక్షణ ఇప్పుడు గరిష్ఠంగా మూడేళ్లే.

ధర దగ్గర కొంచెం బేరం ఉంది. ఇంక్లిసిరాన్, ఇదే పనికి వాడే వేరే ఇంజెక్షన్లు ఎవోలోక్యుమాబ్, అలిరోక్యుమాబ్ మూడింటి మీదా 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ సున్నా, అంతకుముందు 12 శాతం. మీకు చెప్పిన రూ.1,20,000 పాత ఎమ్మార్పీ అయితే అందులో పన్నే రూ.12,857. బిల్లులో జీఎస్టీ గడి చూడండి. ఆసుపత్రి ఫార్మసీ సాధారణంగా ఎమ్మార్పీకే అమ్ముతుంది, బయట అధీకృత డిస్ట్రిబ్యూటరు తగ్గించవచ్చు. సహాయ పథకం ఏదైనా ఉందా, ఉంటే ఎన్ని డోసుల వరకు అన్నది రాతలో తీసుకోండి.

ఎవోలోక్యుమాబ్ పెన్ను (ఇంట్లోనే పొడుచుకునే రెడీ సూది) ధర కూడా అడగండి. అది రెండు వారాలకోసారి, ఏడాదికి 26 పెన్నులు. రూ.2.4 లక్షలను 26తో భాగిస్తే రూ.9,230. పెన్ను అంతకంటే చవకగా దొరికితే రెండో ఏడాది నుంచి పెన్నే మేలు. మొదటి ఏడాదికి ఆ గీత రూ.13,846 దగ్గర ఉంటుంది. పైగా దీని ఖర్చు నెలనెలా విడిపోతుంది, ఒక్కసారి లక్ష వెతుక్కోనక్కర్లేదు. ఎల్‌డీఎల్ తగ్గుదలలో ఇది ఇంక్లిసిరాన్‌కు తీసిపోదు.

అయితే పెన్నుతో ఇబ్బందులు వేరు. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకట్టకూడదు. బయట 25 డిగ్రీల లోపైతేనే 30 రోజులు ఆగుతుంది. మన ఎండల్లో 25 డిగ్రీలంటే ఏసీ గదే. ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట ఆగకుండా పొడుచుకుంటే మంట ఎక్కువ. అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు ఇంకొకటి: మొదటి క్లిక్ వినగానే పెన్ను లాగేస్తారు, మందు చర్మం మీద కారిపోతుంది, ఆ డోసు డబ్బు గంగపాలు. పెన్నుకున్న కిటికీ పూర్తిగా పసుపు రంగు తిరిగేదాకా, అంటే పదిహేను సెకన్ల వరకు, అదిమి పట్టాలి. ఏడాదికి 26 సార్లు ఇది ఇంట్లో ఎవరు చేస్తారు? అమ్మగారి చేతికి ధైర్యం లేకపోతే ప్రతిసారీ నర్సు ఖర్చు కలపండి.

ఇంక్లిసిరాన్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, 30 డిగ్రీల లోపు ఉంటే చాలు. హైదరాబాద్‌లో కొని హనుమకొండలో డాక్టరు దగ్గర వేయించుకోవచ్చు. మే నెలలో కారు డ్యాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి. సూది చోట ఎరుపు, నొప్పి కొద్దిమందికి వస్తాయి, చాలావరకు కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి. డబ్బుపరంగా గుర్తుంచుకోవాల్సింది గడువు. డోసు మూడు నెలలకు మించి ఆలస్యమైతే క్రమం మళ్లీ మొదటినుంచి: ఒకటి, మూడు నెలలకు ఒకటి. అంటే ఒక డోసు అదనం, రూ.1,20,000 జరిమానా.

ఇప్పుడు మీ మూడు ప్రశ్నలు. తమ్ముడు మందు పంపడం కలిసిరాదు. అమెరికాలో విడుదలైనప్పుడే డోసు 3,250 డాలర్లు, అంటే రూ.2.6 లక్షలకు పైమాటే. ఆయన డబ్బు పంపడమే మేలు. కొడుకు పంపిన డబ్బు మీద తండ్రికి ఇక్కడ పన్నుండదు. మొదట రూ.2 లక్షలు పంపి, ఆపైన మీరిద్దరూ నెలనెలా చెరి రూ.10,000 నాన్నగారి పేర విడి ఖాతాలో వేస్తే ఐదో డోసు దాకా ఏ డోసుకూ ఖాతా తడుముకోవాల్సిన పని ఉండదు. మొదటి డోసుకు క్లెయిము వస్తే రెండు లక్షల స్థానంలో లక్ష చాలు.

సీనియర్ సిటిజన్స్ స్కీమును ముట్టుకోకండి. అందులోంచి కొంత తీయడం కుదరదు, ఖాతా మొత్తం మూయాలి. మూడో ఏడు కాబట్టి ఒక శాతం కోత, రూ.15,000. 8.2 శాతం వడ్డీతో మూడు నెలలకోసారి వచ్చే రూ.30,750 ఆగిపోతుంది. ఆ 15 లక్షలు డోసులకే పెడితే పన్నెండు డోసులు, ఆరేళ్లు తిరక్కముందే ఖాళీ. అప్పటికి నాన్నగారికి 72 కూడా నిండవు, ఇంటి ఖర్చు అంతా మీ జీతం మీద పడుతుంది.

పన్నులో వచ్చేది కొంచెమే. కొన్ని తీవ్ర జబ్బుల చికిత్స ఖర్చుకు మినహాయింపునిచ్చే ఆదాయపు పన్ను సెక్షన్ 80డీడీబీ జాబితాలో గుండె జబ్బు లేదు. 80డి కింద సీనియర్ సిటిజన్ తల్లిదండ్రుల వైద్య ఖర్చు రూ.50,000 వరకు చూపించవచ్చు. కానీ పాత పన్ను విధానంలో ఉండాలి, నగదుగా కట్టకూడదు, ఆయన ఆరోగ్య పాలసీకి ప్రీమియం కట్టి ఉండకూడదు. గ్రూపు పాలసీలో తల్లిదండ్రుల వాటా మీ జీతంలో కోస్తున్నారేమో పేస్లిప్ చూడండి. కోస్తుంటే ఈ మినహాయింపు దక్కదు. దక్కితే 20 శాతం శ్లాబులో మిగిలేది రూ.10,400.

గోల్డ్ లోన్ ఒక్క సందర్భంలో ఒప్పుకుంటాను. టీపీఏ "చెల్లిస్తాం" అని రాసిచ్చి, ముందు మీరు కట్టి తర్వాత తీసుకోమన్నప్పుడు, ఆ డబ్బు వచ్చేదాకా. రెండో డోసుకు కూడా బంగారమే పెట్టాల్సి వస్తుందని ఇప్పుడే అనిపిస్తుంటే, ఇంజెక్షన్ మొదలుపెట్టకముందే ఆ మాట డాక్టరుగారికి చెప్పండి, మాత్రలతో ఎంతవరకు లాగవచ్చో ఆయన చూస్తారు.