రచనను వ్యాపారంలా నడపాలంటే ఏడాదిని డిసెంబరు నుంచి వెనక్కి లెక్కపెట్టండి

ఉద్యోగం చేసుకుంటూ కథలు రాస్తున్నాను, వచ్చే ఏడాది పుస్తకం తేవాలి, దీన్ని వ్యాపారంలా ప్లాన్ చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. కాకపోతే ‘వెయ్యి కాపీలు అమ్ముతా’, ‘పోటీలో బహుమతి కొడతా’ లాంటివి లక్ష్యాల్లో రాయకండి. అవి ఎడిటరు చేతిలోనో పాఠకుడి చేతిలోనో ఉంటాయి. ఎన్ని పదాలు రాశారు, ఎన్ని కథలు పంపారు, ఏ హక్కు ఎవరికి ఎన్నాళ్లకు ఇచ్చారు, ఈ మూడూ మాత్రం మీ చేతిలోవి.

తెలుగు పుస్తకానికి అసలు సీజన్ హైదరాబాద్ బుక్ ఫెయిర్, ఆ వెంటనే వచ్చే విజయవాడ పుస్తక మహోత్సవం. అంటే డిసెంబరు, జనవరి. అక్కణ్ణుంచి వెనక్కి రండి. నవంబరు మొదటి వారానికి ఫైలు ప్రెస్సుకి చేరాలి. ఆలస్యమైతే డైరీలు, క్యాలెండర్ల హడావుడిలో మీ 500 కాపీల పని పక్కకి పోతుంది. అక్టోబరు ప్రూఫులకి, అంటే తప్పులు దిద్దడానికి తీసే నమూనా పేజీలకి (దసరా సెలవులు అందులోనే పోతాయి), సెప్టెంబరు డీటీపీకి, అంటే కంప్యూటర్‌లో పేజీలు కూర్చడానికి, ఆగస్టు మీ రాతప్రతి దిద్దుబాటుకి. ఐఎస్‌బీఎన్‌కి (ప్రతి పుస్తకానికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఆగస్టులోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టేయండి. మన దేశంలో అది ఉచితం, దానికి డబ్బులడిగే మధ్యవర్తులతో పనిలేదు.

ఇక రాయడం. 160 పేజీల డెమ్మీ (కథల పుస్తకాలకి మామూలుగా వాడే సైజు) పుస్తకమంటే 16 పేజీల ఫారాలు, అంటే కలిపి అచ్చయ్యే పేజీల కట్టలు, పది. ముందుమాటలవీ పోను సుమారు 33,000 పదాలు పడతాయి. రోజుకు 300 చొప్పున వారానికి అయిదు రోజులు రాస్తే 22 వారాలు. సంక్రాంతి తర్వాత మొదలుపెడితే జూన్ మధ్యకి అయిపోవాలి. పెళ్లిళ్లు, జ్వరాలు, ఆఫీసు పనులు కలుపుకుని జూలై ఆఖరు అనుకోండి.

ఎక్కువ పుస్తకాలు దెబ్బతినేది డీటీపీ దగ్గరే. మీరు రాసేది యూనికోడ్‌లో, అంటే ఫోన్లో, నెట్‌లో కనిపించే తెలుగులో. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే. మార్చేటప్పుడు అక్కడక్కడ వత్తులు ఎగిరిపోతాయి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఉన్న మాటలు అర్థంలేని తెలుగు అక్షరాలైపోతాయి. మొదటి ప్రూఫుని మీ మూలం పక్కన పెట్టుకుని చదవండి, రెండోది వేరేవాళ్లతో చదివించండి. ప్రూఫులో చేసిన ప్రతి దిద్దుబాటూ మీ యూనికోడ్ ఫైల్లో కూడా చేయండి. లేదంటే రేపు ఈ-బుక్ వేసేటప్పుడు పాత తప్పులన్నీ మళ్లీ వస్తాయి.

డబ్బు లెక్క ఉదాహరణకి ఇలా వేసుకోండి, అంకెలు మీ ప్రెస్సువి పెట్టుకోండి. 500 కాపీలు, వెల 200. అచ్చు కాపీకి 80 చొప్పున 40,000. డీటీపీ, ప్రూఫులు, ముఖచిత్రం కలిపి 12,000. మొత్తం 52,000. సమీక్షలకి, స్నేహితులకి 50 కాపీలు పోతాయి. స్వయంగా 150 అమ్మితే, పది శాతం తగ్గించి, 27,000. షాపుల ద్వారా 300, కమిషన్ 45 శాతం పోను కాపీకి 110, అంటే 33,000. మిగిలేది 8,000, అదీ కొరియరు ఖర్చు తీయకముందు. షాపువాళ్లు అమ్ముడయ్యాకే ఇస్తారు కాబట్టి ఆ 33,000 ఈ ఏడాది ఆదాయంలో వేసుకోకండి. తగ్గించాల్సింది కమిషన్ కాదు, మీరు నేరుగా అమ్మేవాటిని పెంచాలి. 150 బదులు 250 నేరుగా పోతే, షాపుకి 200 వెళ్తే, మిగులు 15,000 అవుతుంది.

పోటీలకి వేరే పట్టిక కావాలి: కథ పేరు, పదాల సంఖ్య, పంపిన తేదీ, గడువు, జవాబు. దీపావళి, ఉగాది పోటీల గడువులు పండగకి చాలా ముందే ముగుస్తాయి. హామీ పత్రంలో ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని సంతకం పెడతాం కదా, ఫేస్‌బుక్కులో పెట్టినదీ, ప్రతిలిపి యాప్‌లో పెట్టినదీ చాలా పోటీల్లో ప్రచురితం కిందే లెక్క. అందుకే పోటీకి వెళ్లే కథల్ని ముందే వేరుగా పెట్టుకోండి.

ఆ పట్టికలోనే హక్కులకి నాలుగు గడులు పెట్టండి: అచ్చు, ఈ-బుక్, ఆడియో, సినిమా-సిరీస్. మన కాపీరైట్ చట్టం (1957) 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు రాసిచ్చిన ఒప్పందంలో కాలం రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. ‘శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా’ అని ఉన్న పేరా కనిపిస్తే మాత్రం ఆ రక్షణ పోయినట్టే. ఆడియో యాప్ కథ కొంటానంటే ఆడియో ఒక్కటే, మూడేళ్లకో అయిదేళ్లకో ఇవ్వండి.

పన్ను సంగతి క్లుప్తంగా: ప్రచురణ సంస్థ ఇచ్చే రాయల్టీ ఏడాదిలో 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (డబ్బు ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తారు, పాన్ ఇవ్వకపోతే 20. సాహిత్య రచనల రాయల్టీ మీద 3 లక్షల దాకా ఉన్న మినహాయింపు పాత పన్ను విధానంలోనే దొరుకుతుంది. సొంతంగా అచ్చేసి అమ్ముకున్న లాభం రాయల్టీ కాదు, వ్యాపార ఆదాయం. కాబట్టి ప్రెస్సు బిల్లు, డీటీపీ రసీదు, కొరియరు చీటీలు ఏప్రిల్ నుంచే ఒక ఫోల్డర్‌లో వేస్తూ ఉండండి.