మూకీల కాలంలో చిన్నపిల్లల తొలి ఇష్టాల మీద వచ్చిన కామెడీ ఏదైనా ఉందా? మాటల్లేకపోతే ఇప్పటి పిల్లలు చూస్తారా?

చూస్తారు. పోయిన వేసవి సెలవుల్లో మా అక్క కూతురు వచ్చినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని చూశాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. దానికి ఎనిమిదేళ్లు.

1925లో వచ్చిన 'ది లవ్ బగ్'తో మొదలుపెట్టండి. అమెరికాలో నిర్మాత హాల్ రోచ్ తీసిన 'అవర్ గ్యాంగ్' అనే పిల్లల పొట్టి సినిమాల వరసలోది, దర్శకుడు రాబర్ట్ మెక్‌గోవన్. రెండే రీళ్లు, ఇరవై నిమిషాలు అటూ ఇటూ. మగపిల్లలకి ప్రేమ తిప్పలు, ఆపైన బ్యూటీ పార్లర్‌లో దూరి నానా రభస. కథ పెద్దగా లేదు.

ఉన్నదంతా ఆ మొహాల్లోనే. మిక్కీ డేనియల్స్ అని ఒక పిల్లాడు, మొహం నిండా గోధుమరంగు చుక్కలు. మేరీ కోర్న్‌మన్ అని ఉంగరాల జుట్టు పిల్ల. ఈ వరసలో చాలా సినిమాల్లో వీడి మనసు ఆ పిల్ల మీదే. ఇంత సహజంగా ఎలా చేశారంటే, చాలామందికి స్క్రిప్టు చదివే వయసే లేదు. మెక్‌గోవన్ సన్నివేశాన్ని ఆటలా వివరించేవాడు. శబ్దం రికార్డయ్యే గొడవ లేదు కదా, కెమెరా తిరుగుతుండగానే పక్కనుంచి 'ఇప్పుడిటు చూడు' అని చెప్పొచ్చు.

నేను మూడో తరగతిలో ఒకమ్మాయి కోసం రోజూ జేబులో రేగుపళ్లు పట్టుకెళ్లేవాణ్ణి. ఇద్దామంటే నోరు పెగిలేది కాదు. పలక పక్కన పెట్టేసి పరుగో పరుగు. ఆ ఇష్టాన్ని ఏమంటారో కూడా తెలియని వయసది. అందుకే ఈ సినిమాల్లో మాటల్లేవని నాకు ఒక్కసారీ లోటనిపించలేదు. ఆ వయసు ప్రేమకి అసలు మాటలుంటేగా! మాటలొచ్చాక ఇదే వరసలో వచ్చినవీ చూశాను, బాగుంటాయి. కానీ నాకు రేగుపళ్లు గుర్తొచ్చేది మూకీల్లోనే.

మధ్యమధ్యలో తెరమీద మాటలు రాసి చూపించే ఇంగ్లిష్ కార్డుల్ని నేను చదివి తెలుగులో చెప్తూ పోయాను. నాలుగైదు కార్డులయ్యాక మా పిల్ల 'ఆగు మావయ్యా, నాకు తెలుస్తోంది' అని నా నోరు మూసేసింది.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి. ఫరీనా పాత్ర వేసిన ఆలెన్ హాస్కిన్స్ నల్లజాతి పిల్లాడు. వాడి చుట్టూ అల్లిన కొన్ని హాస్యాలు ఆ రోజుల్లోని వివక్షే. మా పిల్లకి అది తప్పని ఆపి మరీ చెప్పాను. నల్ల పిల్లలూ తెల్ల పిల్లలూ కలిసి ఆడుకోవడాన్ని 1922 నుంచే తెరమీద చూపించిందీ ఈ వరసే, అదీ చెప్పాను.

యూట్యూబ్‌లో దొరికే కొన్ని కాపీల్లో మనుషులు మరీ గబగబా కదులుతుంటారు. అలాంటప్పుడు స్పీడు 0.75కి తగ్గించి చూడండి, మొహాలు చక్కగా అందుతాయి.

అయిపోయాక మా పిల్ల 'మిక్కీ, మేరీ పెద్దయ్యాక కూడా కలిసి నటించారా?' అంది. నటించారు. 1930లో హాల్ రోచే మొదలుపెట్టిన 'ది బాయ్ ఫ్రెండ్స్' అనే వరసలో ఇద్దరూ ఉన్నారు. అవి టాకీలు.

'అయితే మాట్లాడుకున్నారన్నమాట' అని నవ్వేసి, అదెక్కడుందో వెతకమంది.