1936 గురించి రాసేముందు 1917 చదువు

బరంపురం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒడిశా సరిహద్దు తెలుగువారి సాహిత్యం మీద పరిశోధకులు కూడా లక్ష్యపెట్టేలా రాయాలన్న నీ పట్టుదల నాకు సంతోషం కలిగించింది. అయితే మొదటి పేజీల నిండా ‘అస్తిత్వం’, ‘ఆధిపత్యం’, ‘ఉపాంతీకరణ’ అన్న మాటలే ఉన్నాయి. పర్లాకిమిడి ఎక్కడో చివర కనిపించింది. నువ్వు పుట్టి పెరిగిన గుణుపురం అసలే లేదు. సిద్ధాంతాలు చదవవద్దని నేను అనను. ఏం అడగాలో అవి నేర్పుతాయి. నువ్వు మాత్రం జవాబు కూడా వాటి దగ్గరే తీసుకున్నావు.

నీ కథనం 1936 ఏప్రిల్ 1న మొదలవుతుంది. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది, పర్లాకిమిడి పట్టణం అందులో కలిసింది, గిడుగు రామమూర్తి గారు ఆవేదనతో ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు, తెలుగుకు అన్యాయం జరిగింది. అంతటితో ఆపేశావు. ఆ నిర్ణయం ఎలా తయారైందో చెప్పవలసిన బాధ్యత నీకు లేదా? 1924లో ఫిలిప్, డఫ్ అనే ఇద్దరు అధికారులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా ఒడియావారి అభిప్రాయాలను విచారించారు. 1932లో, కొత్త రాష్ట్రం సరిహద్దులు తేల్చడానికి వేసిన ఓడొనెల్ సంఘం నివేదిక ఇచ్చింది. 1933 మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం ప్రచురించిన శ్వేతపత్రంలో పర్లాకిమిడి గానీ జయపురం గానీ కొత్త రాష్ట్రంలో లేవు. పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి పట్టు వదలలేదు. పార్లమెంటు సంయుక్త సంఘం దాకా వెళ్ళాక జయపురం జమీందారీ ఎస్టేటు, పర్లాకిమిడి పట్టణంతో సహా పర్లాకిమిడి ఎస్టేటులో కొంత భాగం ఒడిశాకు వచ్చాయి. 1937లో ఆ రాష్ట్రానికి తొలి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలా అనేవారు) అయింది గజపతి గారే. ఈ ఏళ్ళలో రెండు పక్షాలూ వినతిపత్రాలు రాశాయి, జనాభా లెక్కలు చూపాయి. సాహిత్య విద్యార్థినివి కాబట్టి వాటిని కూడా రచనలుగానే చదువు. ఎవరిని ఒప్పించడానికి రాశారు, ఎవరిని తమ లెక్కలో కలుపుకున్నారు, ఎవరి మాట అడగకుండానే అడిగినట్టు రాశారు అన్నది చూడు.

అక్కడే నీకు ఆ కొండల ఆదివాసులు సవరలు, కోందులు ఎదురవుతారు. తెలుగుకూ ఒడియాకూ మధ్య తగవుగా రాసిన చరిత్రలో వాళ్ళు అంకెలుగానే మిగిలారు. నీ వ్యాసంలోనూ అంతే. నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టింది ఇదే.

1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల (కొండజాతులవాళ్ళు ఉండే మన్యం) కోసం వడ్డీ, భూమి బదిలీల చట్టం చేసింది. కొండజాతుల వాళ్ళ దగ్గర ఏడాదికి నూటికి 24 రూపాయలకు మించి వడ్డీ వసూలు చేయకూడదు, చక్రవడ్డీ అసలే కూడదు, ఆ ప్రాంతాన్ని చూసే ప్రభుత్వాధికారి అయిన ఏజెంటు అనుమతి లేకుండా వాళ్ళ భూమి కొండజాతుల బయటివాళ్ళకు బదిలీ అయితే చెల్లదు అని అందులో ఉంది. అలాంటి చట్టం ఎందుకు కావలసి వచ్చింది? మైదానం నుంచి కొండ అంచులకు చేరిన షావుకార్ల వల్ల. వాళ్ళలో తెలుగువాళ్ళు కూడా ఉన్నారు. 1936లో మనకు జరిగింది నిజమే, అంతకు ముందు కొండవాళ్ళకు మనవాళ్ళ చేతుల్లో జరిగిందీ నిజమే. ఈ రెండూ పక్కపక్కన పెడితే నీ వ్యాసం బలహీనపడుతుందని భయపడకు. ఒక్క దాన్నే చెబితే అది మన సభల్లో చప్పట్లకు పనికివస్తుంది, పరిశోధన అనిపించుకోదు.

గిడుగు వారిని తెలుగు వీరుడిగా మాత్రమే చూపించి ఆయనకూ అన్యాయం చేశావు. ఆయన సవర భాష నేర్చుకున్నారు, తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశారు, ఆ పిల్లలకు బడులు నడిపారు, సవర వ్యాకరణం, నిఘంటువు కూర్చారు. అడవుల్లో తిరిగి జ్వరం తగిలి, క్వినైను వాడి వాడి వినికిడి పోగొట్టుకున్నారు. వ్యావహారిక భాషోద్యమానికి కావలసిన చూపు ఆయనకు కొంతైనా ఆ పని నుంచే వచ్చిందని నేను నమ్ముతాను. బడిలో పిల్లవాడి నోటి భాష ఎందుకు ఉండాలో సవర పిల్లల ముందు నిలబడినవాడికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఇంకొకటి గమనించు. ఆయన పర్లాకిమిడి విడిచిన 1936లోనే, మీ గుణుపురం ప్రాంతంలో మంగెయి గొమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించాడు. తెలుగు, ఒడియా లిపులు రెండూ అందుబాటులో ఉండగా తమ లిపి తమకు కావాలనుకున్నారు. ఈ విషయం ఒక్కటే ఒక అధ్యాయానికి సరిపోతుంది. దీన్ని ఎలా వదిలేశావు?

విధానాల గురించి రాసిన భాగంలో ఒక తప్పు ఉంది, దిద్దుకో. మాతృభాషలో ప్రాథమిక విద్య రాజ్యాంగం 350ఎ అధికరణం ఇచ్చిన ‘హక్కు’ అన్నావు. 1956లో చేర్చిన ఆ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు తగిన సౌకర్యాలు కల్పించడానికి రాష్ట్రం ప్రయత్నించాలని చెబుతుంది. ప్రయత్నించాలనడానికీ హక్కుకూ ఎంత దూరమో, తెలుగు బడి మూతపడిన ఊళ్ళో ఉన్న నీకు తెలుసు. ఆ దూరం గురించే రాయి. రాసేటప్పుడు అదే వాక్యాన్ని సవర పిల్లకు కూడా వర్తింపజేసి చూడు. ఒడిశాలో బహుభాషా విద్య కింద గిరిజన భాషల్లో పాఠాలు మొదలై చాలా ఏళ్ళయింది, సవర కూడా అందులో ఉంది. మీ ఊరి చుట్టుపక్కల బడుల్లో అది ఏ తరగతి దాకా నడుస్తోంది, చెప్పేవాళ్ళు ఎవరు? వెళ్ళి అడుగు.

కథలను సాక్ష్యంగా వాడటంలో కూడా జాగ్రత్త. షావుకారు ఒక కథలో దుర్మార్గుడైతే ఊళ్ళో షావుకార్లంతా అలాగే ఉన్నారని రుజువు కాదు. ఆ కాలపు రచయిత ఏం అనగలిగాడు, ఎక్కడ మౌనంగా ఉన్నాడు అన్నదానికి మాత్రం కథే సాక్ష్యం. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రచనలు చేశారు, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచారు. అలాంటి మనిషిని ఏ పక్షాన చేరుస్తావో ఆలోచించు.

నువ్వు ఒడియా బడిలో చదివావు, ఇంట్లో తెలుగు నేర్చుకున్నావు. రెండు వైపుల పత్రాలూ నేరుగా చదవగలవు. హైదరాబాదులో కూర్చుని ఈ ప్రాంతం గురించి రాసేవాళ్ళలో చాలామందికి ఆ వీలు లేదు. దానికి సవర భాష కొంచెమైనా చేర్చుకో.

వ్యాసం పత్రికకు ఇప్పుడే పంపకు. ముందు రెండో భాగం తిరగరాయి. దసరాకు బరంపురం వస్తున్నావని మీ నాన్నగారు చెప్పారు. 1917 చట్టం ప్రతి నా దగ్గర ఉంది, వచ్చినప్పుడు తీసుకువెళ్ళు.

ఇట్లు,
నీ మాస్టారు