ట్రాక్ మీద పరుగు పందేలు ఎప్పుడూ ఎడమకే ఎందుకు తిరుగుతాయి?

ఈ ప్రశ్నకు ఎక్కువగా వినిపించే జవాబు, గుండె ఎడమవైపు ఉంటుంది కాబట్టి అని. మా పర్లాకిమిడిలో ఆర్మీ భర్తీ ర్యాలీకి ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు, తెలుగువాళ్లయినా ఒడియావాళ్లయినా, సగంమంది ఇదే చెబుతారు. నేను నమ్మను. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పరుగులు గడియారం ముల్లు తిరిగే వైపే సాగాయి. వాళ్ల గుండెలేమీ కుడివైపు లేవు కదా!

భూమి తిరగడం వల్ల అనే మాటా అంతే. అదే నిజమైతే, ఆ ప్రభావం తిరగబడే భూమధ్యరేఖకు దిగువనున్న మెల్‌బోర్న్ (1956), సిడ్నీ (2000) ఒలింపిక్స్‌లో కుడికి తిప్పాల్సింది. అక్కడా ఎడమకే పరుగెత్తారు. ఇక గుర్రప్పందేలను చూసి వచ్చిందంటారా, ఇంగ్లండులోనే ఆస్కాట్ రేసుకోర్సులో గుర్రాలు కుడికి తిరుగుతాయి, ఎప్సమ్‌లో ఎడమకు.

నన్నడిగితే ఇది మనుషులు కుదుర్చుకున్న పద్ధతి, అంతే. 1912లో అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య పుట్టాక, ఎడమ చెయ్యి లోపలివైపు ఉండేలా పరుగెత్తాలన్న నియమం స్థిరపడింది. చాలామందికి కుడికాలే బలం కాబట్టి, మలుపులో బయటి కాలుగా అది గట్టిగా తన్నుతుందని కొందరంటారు. ఉండొచ్చు. కానీ ఒకసారి కుదిరాక మార్చడం మాటలు కాదు. బయటి లేన్ చుట్టు పొడవు కాబట్టి, 400 మీటర్ల పరుగులో రెండో లేన్‌వాడు మొదటి లేన్‌వాడికంటే 7.04 మీటర్లు ముందు నిలబడతాడు. ఆ గీతలన్నీ ఎడమ తిరుగుడుకే కొట్టి ఉంటాయి. రికార్డులు పోల్చాలన్నా అందరూ ఒకే వైపు తిరగాలి.

మేం పరుగెత్తింది మట్టి గ్రౌండులో, సున్నంతో గీసిన రౌండులో. ర్యాలీలో 1600 మీటర్లు, అయిదున్నర నిమిషాల్లోపు వస్తే పూర్తి మార్కులు. ఆ టెన్షన్‌లో రోజూ ఒకే వైపు తిరిగితే ఏమవుతుందో మా బూట్లు తిరగేస్తే తెలిసేది. ఎడమ బూటుకి అడుగున బయటి అంచు నున్నగా అరిగిపోయేది, కుడి బూటుకి లోపలి అంచు. మలుపులో ఒళ్లు ఎడమకు వాలుతుంది మరి. ఎడమ చీలమండ సాయంత్రానికి సలుపు పెట్టేది.

ఆర్మీలో చేసొచ్చిన మా మాస్టారు ఇది చూసి, చివరి మెల్లటి రౌండ్లు కుడికి తిప్పించేవారు. మొదట్లో మలుపు దగ్గర అడుగు తడబడేది. కొద్దిరోజులకే ఎటు తిరిగినా ఒకటే అయిపోయింది. అందుకే శరీరం ఎడమకే పుట్టిందన్న మాట నాకు ఎక్కదు. గుడికి పోతూ మమ్మల్ని చూసిన ఓ ముసలావిడ మాత్రం "ఇన్నాళ్లకి సవ్యంగా తిరుగుతున్నార్రా!" అని నవ్వేసింది.

మీరూ ప్రాక్టీసులో ఉంటే వార్మప్ రౌండ్లు కుడికి వేయండి, అదీ బయటి లేన్‌లో, జనం లేనప్పుడు. స్పీడు పరుగు మాత్రం ర్యాలీలో ఎటు తిప్పుతారో అటే.